గాదెకు పడ్డ కన్నం

పోయిన వారం అమూల్యను ఆమె ఇంటి గేటు దగ్గర వదిలేసి వచ్చాం. గేటు అవతల సగం వీధి నిలబడి ఉంది. ఇవతల ఆమె ఒక్కతే. "ఒక్కసారి కొనుక్కుంటే చాలు, ఇంక ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదన్నావు గదా అమ్మాయ్, మరి ఇదేంది?" అంటూ వీధిలో పెద్దావిడ వెంకటేశ్వరమ్మ, డబ్బు కట్టమని కంపెనీ పంపిన మెసేజీ ఉన్న తన ఫోను తెరను అమూల్య కళ్ళ ముందు పెట్టింది.  "వచ్చే వారం కంపెనీవాళ్ళు మన పేటకే వస్తున్నారు పెద్దమ్మా. జవాబు వాళ్ళ చేతే చెప్పిస్తాను" అని మాత్రం అంది అమూల్య. అది విని జనం వెళ్ళిపోయారు కానీ, వెళ్ళేటప్పుడు ఎవరూ ఎప్పటిలా "వస్తాం అమూల్యా" అనలేదు.

ఆ ఒక్క మాట రాకపోవడమే ఆమెను వారమంతా తొలిచింది.

గాదె అంటే మిక్సీ అంత నల్లడబ్బా. విజయవాడ కంపెనీ ఒకటి తయారు చేస్తుంది. ఇంట్లో నెట్ దగ్గర పెట్టి నీలం వైరు గుచ్చితే, ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలూ వీడియోలూ కాగితాలూ వాటంతటవే వచ్చి అందులో చేరతాయి. ఎక్కడున్నా ఫోనులోంచి తీసి చూసుకోవచ్చు. పేట అని అందరూ పిలుచుకునే చిలకలూరిపేటలో ఈ డబ్బా ఇన్ని ఇళ్ళలోకి వచ్చిందంటే అది అమూల్య వల్లే. ముందు ఏడాదిపాటు తన ఇంట్లో వాడి చూసింది. నచ్చాకే డీలరుగా చేరి పక్కింటికి చెప్పింది. తను రుచి చూడని పచ్చడి ఇంకొకరి కంచంలో వడ్డించే మనిషి కాదామె. జనం డబ్బాను చూసి కొనలేదు, ఆమెను చూసి కొన్నారు.

ఇప్పుడు ఆ డబ్బాకు కన్నం ఉందని తేలింది. కిటుకు తెలిసినవాడెవడైనా బయటి నుంచి లోపలికి దూరి, ఉన్నవన్నీ చూడగలడట. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ తయారుగా ఉందని కంపెనీయే చెప్పింది. కాకపోతే ఇకమీదట అప్‌డేట్లు కావాలంటే 'సంరక్షణ' అనే పథకంలో చేరి ఏటేటా డబ్బు కట్టాలి. కట్టనివాళ్ళ డబ్బాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, కన్నంతో సహా.

కంపెనీ వాళ్ళ సభ అమూల్య వాళ్ళ వీధి వెనకే ఉన్న కల్యాణమండపంలో. మిరపకోతల రోజులు, కూలీలు దొరకని రోజులు. అయినా హాలు నిండింది. కళ్ళంలో కాయ వదిలేసి వచ్చినవాళ్ళ చీరల్లోంచి ఘాటు లేచి, ముందు వరసలో కూర్చున్న కంపెనీ కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతున్నారు.

"మనవాళ్ళు స్వాగతం బాగానే పలుకుతున్నారు" అన్నాడు శివరామకృష్ణ, భార్య పక్కన కూర్చుంటూ. మార్టూరు గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో లెక్కలు చూసే మనిషి. గట్టిగా నవ్వడు, నవ్విస్తాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "అందరి ముందూ నిలదీస్తే నిన్ను డీలరుగా తీసేస్తారు. తెలుసుగా?"

"తీసేస్తే తీసెయ్యనివ్వండి" అంది అమూల్య. "మన వీధివాళ్ళు నన్ను తీసెయ్యకుండా ఉంటే చాలు నాకు."

ఆయన ఆమె ఒళ్ళోని చేతిసంచి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు, లేచి నిలబడేటప్పుడు అడ్డం రాకుండా.

కంపెనీ ఏరియా మేనేజరు లక్ష్మీకాంత్ వేదిక ఎక్కాడు. ఇస్త్రీ నలగని చొక్కా, అంతకన్నా నలగని చిరునవ్వు. అతని వెనక గోడంత తెర మీద రాష్ట్రం పటం వెలిగింది. పటం నిండా ఆకుపచ్చ చుక్కలు.

"చూడండమ్మా, చూడండి బాబాయిగారూ! ఈ ఒక్కో చుక్కా ఒక్కో ఇల్లు. ఒక్కో గాదె. లైవ్ అండి ఇది, బొమ్మ కాదు. ఇదిగో గుంటూరు, ఇదిగో మన పేట, అదిగో పర్చూరు, మార్టూరు. స్టేట్ మొత్తంలో ఇంత చిక్కగా ఇంకెక్కడా లేదు. ఇప్పుడు మనమిక్కడ చూస్తున్న ఈ పటాన్నే మా ఎండీ రామమూర్తి గారు హైదరాబాద్‌లో బ్యాంకువాళ్ళకు చూపిస్తున్నారు. ఇదే టైములో! మీరంతా మా బలం అండి."

"బలమని చెప్పి బరువు మా మీదేస్తన్నారేంది?" వెంకటేశ్వరమ్మ గొంతు వెనక నుంచి వచ్చింది. పత్తిచేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించేలా మాట్లాడటం అలవాటైన గొంతు. మైకు అక్కర్లేదు. "నేను మీ డబ్బాకి బొట్టు పెట్టా, దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ కట్టా. అయినా కన్నం ఎట్టా పడింది బాబూ?"

హాలంతా నవ్వింది. లక్ష్మీకాంత్ కూడా నవ్వాడు. నవ్వే అతని ఆయుధం.

"అమ్మా, సాఫ్ట్‌వేర్ అంటే పాడిగేదె లాంటిదండి. కొన్న రోజుతో అయిపోదు. రోజూ మేత వెయ్యాలి. మా ఇంజనీర్లు పగలూ రాత్రీ పని చేస్తారు. వాళ్ళకు జీతాలు ఎవరిస్తారు? ప్రపంచంలో ఏదీ ఫ్రీగా రాదు కదమ్మా." అతని చూపు మొదటి వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్న పిచ్చయ్య మీద ఆగింది. పిచ్చయ్యకు హైవే పక్కన కోల్డ్ స్టోరేజ్ ఉంది. ఊళ్ళో రైతులందరి కాయా అక్కడే ఉంటుంది. "పిచ్చయ్యగారూ, మీరు చెప్పండి. రైతు కాయ తెచ్చి మీ దగ్గర పెట్టుకుంటాడు. మీరు అద్దె తీసుకోరా?"

"తీసుకోకపోతే కరెంటు బిల్లు మా తాత కడతాడా?" అన్నాడు పిచ్చయ్య. "అద్దె ఇస్తేనే చలి. అది న్యాయమే."

"అంతేనండి! మేమడిగేదీ అదే."

హాలులో ఒక్కసారిగా గాలి తీసేసినట్టయింది. పిచ్చయ్య న్యాయమన్నాక న్యాయమే అనే అలవాటు ఊరిది. తలలు ఒకటొకటే వంగాయి. ఎవరో అప్పుడే, "సరేలే, ఏం చేస్తాం, కట్టక తప్పుద్దా" అన్నారు. అమూల్య పక్క వరసలో ఖుర్షిదా రెండు చేతులూ ముడిచి కూర్చుంది. మగ్గం పని చేస్తుంది ఖుర్షిదా. చుట్టుపక్కల ఏ పెళ్ళికూతురు జాకెట్టయినా ఆమె చేతిలోంచి రావాల్సిందే.

"అక్కా" అంది నెమ్మదిగా. "కొలతల కోసం ఆడపిల్లలు పంపిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. నువ్వు చెప్పావని ఫోన్లోంచి తీసేసి అందులో పెట్టా, భద్రంగా ఉంటాయని. ఎవడైనా చూస్తే ఆ పిల్లల తల్లులకి నేనేం చెప్పను?"

అందులో నిందేమీ లేదు. నింద ఉన్నా బాగుండేదనిపించింది అమూల్యకు. లేచి నిలబడింది.

"లక్ష్మీకాంత్ గారూ, ఒకటి అడగనా?"

"అయ్యో, మీరు మా స్టార్ డీలర్ మేడమ్! వేదిక మీదికి రండి."

"ఇక్కడి నుంచే వినిపిస్తుంది. మొన్న కొత్తగా ఒక సదుపాయం పెట్టారు కదా, మనిషి ముఖం గుర్తుపట్టి ఎవరి ఫొటోలు వాళ్ళకు విడగొట్టేది. దానికి డబ్బు అడగండి. కావలసినవాళ్ళు కట్టుకుంటారు. నేనూ కడతాను. మీ ఇంజనీర్లు ఊరికే పని చెయ్యాలని ఇక్కడెవరూ అనరు."

లక్ష్మీకాంత్ ముఖం విప్పారింది. "చూశారా! చదువుకున్నవాళ్ళు ఎలా అర్థం చేసుకుంటారో!"

"అర్థం కానిది ఒక్కటే ఉంది. ఈ కన్నం ఎప్పుడు పడింది?"

"పోయిన నెల బయటపడింది మేడమ్."

"బయటపడింది పోయిన నెల. పడింది ఎప్పుడు?"

"అంటే… టెక్నికల్‌గా అది…"

"మేం వాడి వాడి అరగదీస్తే పడిందా? మా పెద్దమ్మ బొట్టు పెడితే పడిందా? లేకపోతే ఎలుకేమన్నా కొరికిందా?"

నవ్వులు లేచాయి. ఈసారి లక్ష్మీకాంత్ నవ్వలేదు. మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"చెప్పు బాబూ, అడుగుతుంది గదా" అంది వెంకటేశ్వరమ్మ.

"మొదటి వెర్షన్ నుంచీ ఉందండి" అన్నాడతను. మైకులో కూడా ఆ మాట చిన్నగానే వినిపించింది.

"అంటే మీరు మాకు అమ్మిన రోజునే ఉంది."

"ఉంది… కానీ మాకూ తెలియదు మేడమ్!"

"తెలిసి అమ్మారని నేననలేదు. కన్నంతో వచ్చిందా లేదా, అంతే నాకు కావలసింది." అమూల్య మొదటి వరస వైపు తిరిగింది. "బాబాయిగారూ, మీరు న్యాయమన్నారు కాబట్టి మిమ్మల్నే అడుగుతాను. ఏమీ అనుకోకండి."

"అడుగు, అడుగు" అన్నాడు పిచ్చయ్య.

"ఒక వేసంగిలో మీ స్టోరేజీలో ఒక గది గోడ పగిలింది. చలంతా బయటికి పోయి, ఆ గదిలో కాయ రంగు దిగింది. ఊరంతా గగ్గోలైంది. ఆ గోడ కట్టించడానికి రైతుల దగ్గర బస్తాకింతని వసూలు చేశారా?"

ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, పిచ్చయ్య ముందు మాత్రం ఎవరూ ఎత్తరు.  చేతికర్ర మీది నుంచి గడ్డం నెమ్మదిగా లేచింది.

"ఎట్టా చేస్తానమ్మాయ్?" అన్నాడాయన. "గోడ నాది. కట్టించినప్పుడే మేస్త్రీ సరిగ్గా కట్టలేదు. రైతుకేం సంబంధం? నేనే పడగొట్టించి నేనే కట్టించా. రంగు దిగిన కాయకి నష్టం కూడా నేనే సర్దా. మా ఆవిడ గాజులు బ్యాంకుకి పొయినయ్యి ఆ యేడు."

"మరి ఆ యేడు అద్దె తీసుకున్నారా?"

"ఎందుకు తీసుకోను? అద్దె అద్దే." అక్కడ ఆగాడు. తను అనబోయే మాట తనకే ఎదురొచ్చినట్టు కళ్ళు చికిలించి, కర్ర నేలకేసి కొట్టి, ఆ మాట అనేశాడు. "గోడ గోడే!"

"నేనడిగేదీ అంతే బాబాయిగారూ."

పిచ్చయ్య కర్ర ఊతంగా లేచి వేదిక వైపు తిరిగాడు. "ఏమయ్యా మేనేజరూ! నీ బేరంలోకి నన్ను లాగి నా చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించబోయావే! పగిలిన గోడ చూపించి అద్దె పెంచుతానంటే మా ఊళ్ళో ఆ స్టోరేజీ తలుపు మళ్ళీ తెరుచుకోదు, తెలుసా? కన్నం పూడ్చు ముందు. తర్వాత ఏం అడుగుతావో అడుగు."

"గోడ గోడే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ మాట అందరికీ నోట్లో బాగా కుదిరింది. "గోడ గోడే! గోడ గోడే!" అని హాలంతా అందుకుంది. ఖుర్షిదా చేతుల ముడి విడిపోయింది, చప్పట్లు కొట్టడానికి.

లక్ష్మీకాంత్ రెండు చేతులూ ఎత్తాడు. "అందరూ శాంతించాలి! మేడమ్, మీ పాయింట్ నాకర్థమైంది. కానీ ఇది పాలసీ అండి. నా చేతిలో లేదు. పైవాళ్ళు చెప్పాలి."

"పైవాళ్ళను పిలవండి."

"ఎండీగారు మీటింగులో ఉన్నారని చెప్పాను కదా. ఈ టైములో ఫోనెత్తరు. రేపు మెయిల్ పెడతాను, ఒక నెలలో…"

అమూల్య అతని మాట వినడం మానేసింది. ఆమె చూపు అతని భుజం మీదుగా తెర మీదికి పోయింది. చిక్కగా వెలుగుతున్న ఆకుపచ్చ చుక్కలు. స్టేట్ మొత్తంలో ఇంత చిక్కగా ఇంకెక్కడా లేవు. ఇదే పటాన్ని, ఇదే టైములో, బ్యాంకువాళ్ళు చూస్తున్నారు.

"ఈ దీపాలు ఎప్పుడు ఆరతాయండీ?" అని అడిగింది, పొయ్యి మీద పాలు పొంగాయా అని అడిగినంత మామూలుగా.

"ఆరవు మేడమ్. డబ్బాకి నెట్ వైరు తీసేస్తే తప్ప."

"వైరు తీస్తే లోపల ఉన్నవి పోతాయా?"

"పోవండి. ఫోనులోంచి చూడలేరు, అంతే. లోపలున్నవి భద్రంగా…"

అప్పటికి అతనికి అర్థమైంది. 

అమూల్య జనం వైపు తిరిగింది. "విన్నారుగా! లోపల సరుకు ఎక్కడికీ పోదు. తలుపుకు కన్నముందని వాళ్ళే చెప్పారు. పూడ్చేదాకా తలుపు మూసుకోవడం మన జాగ్రత్త. మాది పొద్దున్నే పీకేసి వచ్చాను. మీరూ ఇళ్ళకు ఫోన్లు చెయ్యండి. నీలం వైరు తీసెయ్యమనండి."

తర్వాత ఆ కల్యాణమండపంలో లేచిన గోల ఏ పెళ్ళిలోనూ లేచి ఉండదు.

"ఏమే, టీవీ పక్కన నల్లడబ్బా ఉందా? దానికి నీలం వైరు ఉందా? పీకెయ్యి. ఎందుకని అడగబాకే, ముందు పీకు!"

"ఒరేయ్, అది ఫ్రిజ్ వైరురా! పాలు ఇరిగిపోతయ్యి, పెట్టెయ్, పెట్టెయ్! నీలంది, నీలంది!"

"అన్నయ్యా, పర్చూరులో వదిన పుట్టింటివాళ్ళకి కూడా చెప్పు. ఇంకొల్లులో చిన్నక్కకీ చెప్పు. అవునవును, గోడ గోడే అని చెప్పు, నేను తర్వాత ఇడమర్చి చెప్తా."

వెంకటేశ్వరమ్మకు ఫోను అక్కర్లేకపోయింది. కిటికీ దగ్గరికి పోయి, సందు అవతల తన ఇంట్లో ఉన్న కోడలికి ఒక్క కేక వేసింది. తెర మీద పేట నడిమధ్య ఒక చుక్క ఆరింది.

"అదిగో, నాదే! నాదే!" అని ఎగిరి గంతేసింది ఆ పెద్దావిడ.

ఆ తర్వాత ఒకటొకటి కాదు, గుంపులు గుంపులుగా ఆరాయి. పేట ఆరింది. నరసరావుపేట రోడ్డు వెంబడి ఆరింది. మార్టూరులో క్వారీ ఆఫీసుల చుట్టూ, పర్చూరులో, ఇంకొల్లులో, ఫోను ఎక్కడికి పోతే అక్కడ. రాష్ట్రం పటంలో అంతటా పచ్చగా ఉండి, నడుమ ఇంత మేర నల్లగా బొక్క పడింది.

"ఇప్పుడు కనపడింది కన్నం" అన్నాడు శివరామకృష్ణ.

లక్ష్మీకాంత్ జేబులో ఫోను మోగింది. పేరు చూసి అతని ముఖంలో రంగు దిగింది. చెమట పట్టిన వేలు తెర మీద జారి, ఏది నొక్కబోయి ఏది నొక్కాడో, అవతలి గొంతు మైకులోకీ హాలులోకీ ఒక్కసారిగా వచ్చిపడింది.

"లక్ష్మీకాంత్! ఏమిటయ్యా, అక్కడ కరెంటు పోయిందా? గుంటూరు వైపంతా చీకటి! బ్యాంకువాళ్ళు టీ తాగుతున్నారు, తిరిగొచ్చేలోపు వెలగాలి. ఏం జరిగింది?"

"సార్… కరెంటు ఉంది సార్… జనం సార్…"

అమూల్య వేదిక ఎక్కి చెయ్యి చాపింది. అతను ఫోను ఆమె చేతిలో పెట్టేశాడు, వేడిగిన్నె వదిలించుకున్నట్టు.

"నమస్కారమండీ రామమూర్తి గారూ. నా పేరు అమూల్య. పేటలో మీ గాదెలు నా మాట మీద అమ్ముడుపోయాయి."

"అమూల్యగారా! మీ పేరు నాకు తెలుసమ్మా, బాగా తెలుసు." గొంతు వెంటనే తేనె అయింది. "చూడమ్మా, మీకేం ఇబ్బందున్నా నాతో విడిగా మాట్లాడండి. మీ డబ్బాకి సంరక్షణ పూర్తిగా ఉచితం. మీ బంధువులవి కూడా నాలుగు చెప్పండి, చేసేస్తాను. ఈ సంగతి మనలో మనకు…"

"స్పీకర్లో ఉన్నారండీ" అంది అమూల్య.

హాలు గొల్లుమంది. "మేమందరం బంధువులమే సారూ! రాసుకోండి!" అని అరిచింది వెంకటేశ్వరమ్మ. ఆ నవ్వు హైదరాబాదుకు కూడా చేరినట్టుంది.

"మీరేం కోరుతున్నారు?" ఈసారి తేనె లేదు. మామూలు మనిషి గొంతు. అమూల్యకు అది నయమనిపించింది.

"మీరు కొత్తగా కట్టే గదులకు అద్దె అడగండి. కాదనను. కానీ మీరు అమ్మిననాటికే ఉన్న కన్నాలు పూడ్చడానికి మా దగ్గర తీసుకోకూడదు. నాకొక్కదానికి కాదు, మా ఊరికొక్కదానికి కాదు. గాదె కొన్న ప్రతి ఇంటికీ. ఆ డబ్బా పనిచేసినన్నాళ్ళూ. ఈ మాట నాకు చెప్పడం కాదు, మీ పేరు మీద అందరి ఫోన్లకూ రావాలి."

"అమ్మా, అంత పెద్ద నిర్ణయం నేనొక్కణ్ణే…"

"నేనూ ఒక్కదాన్నేనండి, ఇన్ని ఇళ్ళకు మాటిచ్చినప్పుడు. అప్పుడు మీ డబ్బా మీద ఉన్న మాటే నేను చెప్పాను, 'ఒక్కసారి కొనండి, ఎప్పటికీ మీదే' అని. అచ్చు వేసింది మీరు. ఇంటింటికీ వెళ్ళి నిలబడింది నేను. ఇప్పుడు మీరు పక్కకు తప్పుకుంటే ఆ ఇళ్ళ ముందు నేను ఏ ముఖంతో నడవాలి?"

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు.  అయినా మైకులో అందరికీ వినిపించింది. ఖుర్షిదా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అవతల తలుపు తెరుచుకున్న చప్పుడు, టీ కప్పుల చప్పుడు. బ్యాంకువాళ్ళు తిరిగొచ్చేస్తున్నారు.

"సరేనమ్మా. కన్నాలు పూడ్చే అప్‌డేట్లకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోం. ఎక్కడివాళ్ళ దగ్గరా తీసుకోం. ఈ రాత్రికి అప్‌డేట్ అందరికీ పంపిస్తాం. నా మాట."

"మీ మాట మా ఫోన్లలో కనపడ్డాక ఫోను పెట్టేస్తానండి" అంది అమూల్య.

హాలు ఎదురు చూసింది.  మొదట ఎక్కడో వెనక వరసలో ఒక ఫోను టింగుమంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత పోపులో ఆవాలు చిటపటలాడినట్టు హాలు నలుమూలలా ఫోన్లు పేలడం మొదలుపెట్టాయి. పిచ్చయ్య తన ఫోను చేయి చాపినంత దూరంలో పట్టుకుని, బడిపిల్లాడిలా గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చదివాడు. చివర రామమూర్తి పేరు దాకా చదివి, "అయ్యింది! గోడ కడతన్నాడు!" అని ప్రకటించాడు.

కుర్చీలు పడిపోయాయి. ఈలలు లేచాయి. వెంకటేశ్వరమ్మ వేదిక ఎక్కి అమూల్యను రెండు చేతులా పట్టుకుని ఊపేసింది.

"నీ గేటు ముందు నిలబడి అన్ని మాటలంటినే అమ్మాయ్! చెంపలేసుకుంటా, ఉండు!"

"వద్దు పెద్దమ్మా! మీరు అడగబట్టే నేను అడిగాను."

"మాట నిలబెట్టావు. మా ఆయన బతికుంటే అనేవాడు, మాటంటే మిరపనారులాంటిది, వేరు పట్టిందాకా కావలి కాయాలని. కాశావు!"

లక్ష్మీకాంత్ కూడా దగ్గరికొచ్చాడు. నలగని చొక్కా ఇప్పుడు వీపుకు అంటుకుపోయింది. "మేడమ్, ఒక నిజం చెప్పనా? మా అమ్మ దగ్గరా గాదె ఉంది, తెనాలిలో. ఈ పథకం సంగతి ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక వారం నుంచీ ఫోనెత్తడం లేదు. ఇవాళ చేస్తాను." అమూల్య మొదటిసారి అతన్ని చూసి నవ్వింది.

కంపెనీవాళ్ళు పెట్టించిన భోజనాలు మొదలయ్యాయి. గెలిచిన రోజు అన్నం ఎలా ఉన్నా రుచే. "కంపెనీ అప్‌డేట్ వదిలిందని నేను చెప్పేదాకా ఎవరూ వైరు పెట్టకండి" అని అమూల్య వరస వరసకూ తిరిగి చెప్పింది. ప్రతి వరసలోనూ, "అట్టాగే అమూల్యా", "సరే అక్కా" అన్నారు. కంచాల మధ్య నడుస్తుంటే, వారం రోజులుగా గుండెల మీద ఉన్నదేదో దిగిపోయి ఒళ్ళు తేలికైంది. అటు నుంచి శివరామకృష్ణ ఆమె కోసం ఒక కుర్చీ లాగి పెట్టి, రమ్మని చెయ్యి ఊపాడు.

ఆమె కూర్చుని మొదటి ముద్ద కలిపింది.

"అక్కా" అంది ఎదురుగా కూర్చున్న ఖుర్షిదా. ఆమె చూపు తెర మీద ఉంది. "అందరం పీకేశాం కదా. అదెవరిది?"

పేట ఉన్నచోట, ఆ నల్లటి మేర నడుమ, ఒకే ఒక్క ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. ఇంతకుముందు లేదు. ఇప్పుడే వెలిగింది.

"ఎవరో తొందరపడ్డారు" అంటూ లక్ష్మీకాంత్ చేతిలోని పలకలాంటి కంప్యూటరు మీద ఆ చుక్కను తాకాడు. తెర మీద పెద్ద అక్షరాలతో పేరు పడింది. హాలు మొత్తానికీ కనపడేలా.

అమూల్య.

 వెంకటేశ్వరమ్మ చేతిలోని అప్పడం నోటి దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. "అమ్మాయ్…" అంది, ఎంతో జాగ్రత్తగా. "మా అందరివీ పీకించి, నీది ఉంచుకున్నావా?"

"లేదు పెద్దమ్మా. పొద్దున నా చేత్తో పీకాను."

"నేను చూశాను" అన్నాడు శివరామకృష్ణ. "ఇంట్లో ఎవరూ లేరు. మా అమ్మ పొన్నూరులో మా చెల్లెలి దగ్గరుంది."

మొగుడు చెప్పే సాక్ష్యానికి ఎంత విలువో ఆ హాలుకు తెలుసు.  లక్ష్మీకాంత్ ఆమె పక్కకు వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "మేడమ్, ఇది ఊరికే వెలగడం లేదు. ఇందులో చూపిస్తోంది, మీ ఇంట్లోనే ఎవరో కూర్చుని ఒక్కో ఫొటో తెరిచి చూస్తున్నారు."

అమూల్య చెయ్యి కడుక్కుంది. భర్త దగ్గరి నుంచి చేతిసంచి అందుకుని తాళంచెవి తీసి పైకెత్తింది. "పదండి పెద్దమ్మా. బాబాయిగారూ, మీరూ రండి. అందరూ రండి. నా ఇంటి తలుపు మీ ముందే తీస్తాను. నేను పెట్టానో ఇంకెవరైనా పెట్టారో మీ కళ్ళతోనే చూడండి."

వీధి వీధంతా ఆమె వెనక నడిచింది. గేటు వేసినట్టే ఉంది. తలుపుకు తాళం వేలాడుతూ ఉంది, పొద్దున ఎలా వేసి వెళ్ళిందో అలాగే. అమూల్య తాళం తీసి శివరామకృష్ణ చేతిలో పెట్టి, రెండు చేతులతో తలుపు తోసింది.

తలుపు కదలలేదు. లోపలి నుంచి గడియ వేసి ఉంది.